ఇంగ్లాండు డేరాల కట్టెల పొయ్యి

సంచి కింద పెట్టు ఆశమ్మా, జర ఆగు. నీ బస్సు యాడికి పోతది? ఒక్క పూటే గద! రాత్రికి చుట్టాలందరొస్తున్నరు. మీ సారు ఇంగ్లాండు ఫోటోలు చూపిస్తడట, భోజనాలు పెడతడట. ఎవరు వండాలె? నువ్వూ నేనూ!

ఆ ఫోటోలల్ల ఎట్ల నవ్వుతున్నడో చూడు. చూస్తుంటె నాకు ఒళ్లు మండుతున్నది.

నారాయణగూడ దుకాణంల పంపుసెట్లు మస్తు అమ్మిండని కంపెనోళ్లు ఇంగ్లాండు పంపిన్రు. నలుగురు డీలర్లు, నలుగురు పెళ్లాలు. "విద్యా, వారం దినాలు నువ్వు గరిట ముట్టకు" అన్నడు. పెండ్లయినంక ఆ మాట వినుడు అదే మొదటిసారి. సంబురంతోటి కొత్త స్వెట్టర్ కొనుక్కున్న. పిచ్చిదాన్ని!

హోటలనుకుంటి. పోయి చూస్తె పచ్చికల డేరా! లోపల పందిరిమంచం, మెత్తటి దుప్పట్లు. బయట గొర్రెలు. కరెంటు లేదు. పాయఖానల నీళ్లు పొయ్యొద్దు, రంపపుపొట్టు చల్లాలె. పర్యావరణమట! నవ్వకు. ఇక్కడ కరెంటు పోతె తిట్టుకుంటం, మీ బస్తీల నల్లా రాకపోతె అయ్యో అంటం. గక్కడ ఏదీ లేకపోవుడే దర్జానట!

సరే, ఓర్చుకున్న. వంటకు ఒక తెల్లాయన ఉండె. కూరగాయలే వండుత, వేరే గిన్నెలు పెడత అన్నడు పాపం. మనోళ్లు వింటరా? "ఆ గిన్నెలల్ల ముందు ఏం వండిన్రో ఏమో! మా ఆడోళ్లున్నరు గద" అని ఆయన్ను వద్దన్నరు. మమ్మల్ని ఎవరన్న అడిగిన్రా?

ఇగ సంచులల్లకెళ్లి బియ్యం, పప్పు, మామిడికాయ తొక్కు, కరెంటు కుక్కర్ బయటికొచ్చినయ్. ఎందుకన్న మంచిదని కుక్కర్ సర్దింది నేనే, ఈ చేతులతోనే! కరెంటు లేనికాడ దాన్ని నెత్తిన పెట్టుకోవాల్నా?

ఇగ కట్టెల పొయ్యే దిక్కు. వానకు తడిసిన కట్టెలు. ఊదీ ఊదీ కండ్లు నిప్పులైనయ్. మొగోళ్లు కుర్చీలేసుకొని "ఆహా, నేచర్!" అంటున్నరు. నాతోని కాదంటె మీ సారు ఏమన్నడో ఎరికేనా? "ఒక్క పూటే గద, విద్యా!" ఆ పూట వారం దినాలు నడిచింది.

నిజం చెప్పాల్నా? ఆఖరి రోజు పొద్దుగాల ఆ తెల్లాయన ఒక కప్పు చాయ తెచ్చి నా చేతికిచ్చిండు. డేరా మెట్టు మీద కూసున్న. ఎదురుంగ మంచుల గుట్ట. ఎవ్వరూ పిలుస్తలేరు. ఎంత మంచిగుండెనో ఆశమ్మా! మళ్ల పోతవా అంటె పోత. ఒక్కదాన్నే పోత. సగం తాగిన్నో లేదో, డేరా లోపలి నుంచి మీ సారు కేక: "విద్యా, ఉప్మా అయ్యిందా?"

ఏంది, గట్ల చూస్తున్నవ్?

అవును. ఊర్ల బోనాలకు పో, రెండు దినాలు గిన్నె ముట్టకు అని నీకు చెప్పింది నేనే. ఇప్పుడు ఒక్క పూటే గద అంటున్నదీ నేనే. థూ! ఆయన మాట నా నోట్లకు ఎప్పుడు జొర్రింది?

సంచి ఎత్తుకో. నడువు, చౌరస్తా దాంక నేనూ వస్త. నిన్ను బస్సెక్కిచ్చి, గక్కడ్నే కూసోని చాయ తాగుత, వేడివేడిగ, పూర్తిగ.

వంటనా? సిలిండర్ బంద్ చేసిన. డాబా మీద నీళ్లు కాగవెట్టే కట్టెలున్నయ్, వానకు తడిసినయ్. మీ సారుకు నేచరంటె పానం గద. ఊదుకోనియ్యి.