స్నేహనగరం నుంచి పార్సిలు

జపాన్‌లోని ఒక పట్నానికీ బెజవాడకీ స్నేహం కలిపిన సంఘానికి ఆయన కార్యదర్శి. ఆ జపాన్ పట్నాన్ని వరద ముంచిందని టీవీలో చూసి, సింగ్‌నగర్‌లోని ఒక బడి టీచరు మధ్యాహ్నం సంఘం గదికి వచ్చింది.

"మా పిల్లలు అక్కడి పిల్లలకి ఉత్తరాలు రాశారండీ. అడ్రసు ఇస్తారా?"

"తప్పకుండా అమ్మా. ఆ బీరువాలో ఫైలుంది, తీసుకోండి."

"ఫైలు కింద ఈ పార్సిలేంటండీ? దీనిమీద మా బడి పేరుంది!"

ఆయన కుర్చీలోంచి లేచాడు.

"అది... బుడమేరు పొంగి మీ బడి మునిగినప్పుడు వాళ్ళు పంపిందమ్మా."

"ఇన్నాళ్ళూ మాకెందుకివ్వలేదండీ?"

"సభ పెట్టి, ఫొటోలు తీయించి ఇద్దామనుకున్నాను. పెద్దలెవరికీ తీరిక కుదరలేదు. తర్వాత మర్చిపోయాను."

ఆమె అక్కడే పార్సిలు విప్పింది. అన్నీ పిల్లలు వేసిన బొమ్మలే.

"ఈ బొమ్మ వేసిన పాప ఇంగ్లీషులో ఏదో రాసింది. మీరే చదవండి."

"'మీరంతా క్షేమమేనా? ఒక్క ముక్క రాయండి, చాలు.'"

"అప్పుడు మా పిల్లలు బడిలో బురద కడుగుతూ, మనల్ని అడిగేవాళ్ళే లేరా టీచర్ అన్నారండీ. నేను లేరనే చెప్పాను."

ఆయన ఆ బొమ్మని తిరిగి ఆమె చేతికిచ్చాడు.

"పార్సిలు పోస్టులో ఆలస్యమైందని వాళ్ళకి రాసేద్దామా అమ్మా?"

"పిల్లల చేత అబద్ధం రాయించమంటారా?"

"వద్దు, వద్దు. నేనే రాస్తాను."

"ఏమని?"

ఆయన కాగితం ముందుకు లాక్కుని, రాస్తూ పైకి చదివాడు.

"'పాపా, నీ బొమ్మ అప్పుడే అందింది. పిల్లలకి ఇవ్వనిది నేను. వాళ్ళంతా క్షేమం. నువ్వెలా ఉన్నావమ్మా?'"