చూసింది అత్తయ్య, చెప్పింది మావయ్య

ఏమిటీ, చర్చివాళ్ళతో కలిసి నువ్వూ ఆ పాత నగరానికి బయల్దేరుతున్నావా? మంచిదే తల్లీ, వెళ్ళిరా. కాళ్ళలో సత్తువ ఉన్నప్పుడే చూడాలి అలాంటివి. మన ఇంట్లోంచి అక్కడికి మొదట వెళ్ళొచ్చింది ఎవరో తెలుసా? మా తాళాల మావయ్య అని చెప్పిందా మీ అమ్మ? అదే చెప్తుంది, దానికేం తెలుసు, అప్పటికి పుట్టనే లేదు. వెళ్ళింది మావయ్యే, కాదనను. చూసింది మాత్రం అత్తయ్య. చెప్తాను గానీ, ముందు ఆ ఫోను అవతల పెట్టు.

మా అమ్మకి సొంత అన్నయ్య ఆయన. తాళాలు బాగుచేసే షాపు. బాగుచెయ్యడమే కాదు, కొత్తవి కూడా చేసేవాడు. ఆయన చేసిన తాళం ఆయన తప్ప ఇంకొకడు తియ్యలేడని పేరు. ఆ పేరే కొంప ముంచింది. షాపుకి వెళ్తూ ఇంటికి బయటనుంచి తాళం పెట్టుకుని పోయేవాడు. లోపల పెళ్ళాం, పిల్ల. "ఇదేం పనన్నయ్యా?" అని మా అమ్మ అడిగితే, "దొంగల భయమే" అనేవాడు. ఏం దొంగలో! ఆ ఇంట్లో ఎత్తుకుపోవడానికి ఉన్నవి రెండు కుర్చీలు, ఒక కుట్టుమిషను. పెళ్ళాం గుమ్మంలో నిలబడి ఎవరితో మాట్లాడుతుందోనని అసలు భయం. నవ్వుతావేం? మీ ఆయన గంటకోసారి ఫోన్ చేసి ఎక్కడున్నావని అడుగుతాడే, అది దేని కిందికొస్తుందట? సరేలే, నాకెందుకు.

ఆ పిల్లకి ఒకరోజు ఉన్నట్టుండి ఆయాసం వచ్చింది. అత్తయ్య కిటికీ ఊచలు పట్టుకుని కేకలు పెట్టింది. జనం పోగయ్యారు. ఒకడు సుత్తి తెచ్చాడు, ఇంకొకడు గునపం తెచ్చాడు. తాళం ఊడలేదు. తలుపూ అంతే, మావయ్య దగ్గరుండి చేయించుకున్న తలుపు. షాపుకి పరిగెత్తినవాడికి మావయ్య దొరకలేదు, ఎవరింట్లోనో బీరువా తియ్యడానికి వెళ్ళాడట. ఆయన వచ్చి తీసేసరికి... అంతే. పిల్లని మట్టిలో పెట్టొచ్చిన రోజే చెప్పేశాడు. "దేవుడి చిత్తం. ఇంక ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తడానికి వీల్లేదు." అత్తయ్య ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు. ఆ తర్వాత తలుపుకి తాళం పెట్టడం మానేశాడు. నోళ్ళకి వేశాక తలుపుకెందుకు?

చాలా ఏళ్ళకి చుట్టుపక్కల ఊళ్ళ చర్చిలన్నీ కలిసి ఆ నగరానికి యాత్ర పెట్టాయి, ఒక్కో చర్చి నుంచి ఒక ఇంటివాళ్ళే. మావయ్య సంఘ పెద్ద కదా, మన చర్చి నుంచి ఆయన పేరే ఇచ్చారు. మోకాళ్ళ నొప్పులు గనక మందులందించడానికి, బట్టలు ఉతకడానికి మనిషి కావాలని అత్తయ్యని వెంటబెట్టుకున్నాడు. సాగనంపే రోజు అందరూ ఆయన చేతులు పట్టుకుని, "అన్నా, తిరిగొచ్చి అన్నీ కళ్ళకి కట్టినట్టు సాక్ష్యం చెప్పాలి" అన్నారు. అత్తయ్యని ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడకి ఉన్నది ఒకటే కోరిక. నాకు తర్వాత చెప్పింది. ప్రభువు లేచిన ఆ సమాధి లోపల మోకరించి, పిల్ల పేరు ఒక్కసారి పైకి అనాలి. అది మావయ్య ఇల్లు కాదు కదా, అక్కడ ఆయన మాట చెల్లదు కదా అని.

తీరా వెళ్ళాక, అసలు చోటు చూడాల్సిన రోజున మావయ్యకి కాలిపోయే జ్వరం. మధ్యాహ్నం తిరుగు బస్సు. బసలో మంచం మీద వణుకుతున్నాడు, అయినా ఆయన బెంగ జ్వరం గురించి కాదు. "ఇంటికెళ్ళి ఏమని చెప్పనే, నా పరువేం గాను?" చివరికి, "నువ్వెళ్ళు. గోడ ఏ రంగు, దీపాలెన్ని, గుమ్మం ఎంత ఎత్తు, ఒక్కటి వదలకుండా చూసొచ్చి నాకు చెప్పు" అన్నాడు. ఆవిడ గడప దాటుతుంటే, "త్వరగా రా. ఎవరితోనూ మాట్లాడకు. నాకేమైనా అయితే ఎవరున్నారు?"

వెళ్ళింది. అరిగిపోయి జారుతున్న రాతిమెట్లు, ఒకదాన్ని పోలినట్టే ఇంకొక సందు, పైన ఆకాశం కూడా సరిగ్గా కనపడదట. మిగతావాళ్ళు పాటలు పాడుకుంటూ నడుస్తుంటే ఈవిడ పరీక్షకి చదువుకునే పిల్లలా గొణుక్కుంటూ నడిచింది. రంగు, దీపాలు, గుమ్మం. ఆ సమాధి గది ఎంత చిన్నదంటే, నలుగురు పడితే గొప్ప. వంగి దూరాలి. గుమ్మం దగ్గర నల్లబట్టల ముసలాయన కానీ కానీ అన్నట్టు వేళ్ళతో తలుపు మీద కొడుతూ ఉంటాడట. దీపాలు లెక్కపెట్టింది. రాతి మీద పగులు చూసుకుంది. బయటికి తోసేశారు. నాలుగడుగులు వేశాక గుర్తొచ్చిందట. మోకరించలేదు. పేరు అనలేదు. మొగుడి కోసం గోడలు చూస్తూ కూతుర్ని మర్చిపోయింది.

వెనక్కి తిరిగి వరస చివర నిలబడింది. యాత్రకి తీసుకొచ్చినాయన, "పిచ్చా మీకు? బస్సు పోతుందమ్మా! అక్కడ మీవారి పరిస్థితి ఏమిటి?" అని అరిచి, మిగతావాళ్ళని తోలుకుని వెళ్ళిపోయాడు. ఆలోచించు. భాష రాదు. పాస్‌పోర్టు మావయ్య నడుముకి కట్టుకున్న సంచిలో ఉంది. బస పేరేమిటో కూడా ఈవిడకి తెలీదు, ఎప్పుడూ ఆయన వెనక నడిచిందే తప్ప. వరస కదలదు. ఆయన పోయాడేమో అనుకుంటుంది, బస్సు వెళ్ళిపోయిందేమో అనుకుంటుంది, పక్కకి మాత్రం తప్పుకోలేదు. రెండోసారి లోపలికెళ్ళాక కళ్ళు తెరవలేదట. మోకరించింది. ఇన్నేళ్ళు అనని పేరు కదే, గొంతు దాటి రాదే! ముసలాయన తలుపు కొడుతున్నాడు, భుజం పట్టుకుని లాగుతున్నాడు, అప్పుడొచ్చిందట పెద్ద కేకలాగా.

తర్వాత పరుగే పరుగు. తప్పుడు సందుల్లో పడి, చేతులతో సైగలు చేసి, ఎలాగో వచ్చి పడింది. బస్సు ఇంజను నడుస్తూనే ఉంది. మావయ్య దుప్పటి కప్పుకుని మెట్టు మీద కూర్చుని, "నన్ను చంపేద్దామనుకున్నావా?" అన్నాడు. ఆ వెంటనే, "దీపాలెన్ని?"

దారి పొడుగునా ఆవిడ చెప్పింది, ఆయన వల్లించాడు. రెండోసారి సంగతి చెప్పలేదు.

ఇంక తిరిగొచ్చాక ఆ ఆదివారం చర్చిలో చూడాలి! మావయ్య లేచి వేదిక ఎక్కి, "నేను వంగి లోపలికి అడుగు పెట్టాను" అన్నాడు. నేను అత్తయ్య పక్కనే కూర్చున్నాను. గుమ్మం ఎత్తు, రాతి పగులు, ఒక్క పొల్లు పోలేదు. జనం స్తోత్రం స్తోత్రం అంటున్నారు. అత్తయ్య చేతివేళ్ళు తెల్లగా అయిపోయాయి, బెంచీ అంచు అంత గట్టిగా పట్టుకుంది. ఆయనా మధ్యమధ్యలో ఈవిడ వైపే చూస్తున్నాడు, ఎక్కడ నోరు జారుతుందోనని. అంతా అయిపోయింది, దిగబోతున్నాడు, అప్పుడు ముందు బెంచీలో నర్సమ్మగారు, నర్సుగా రిటైరైన ముసలావిడ, ఏ కల్మషం లేకుండా అడిగింది. "నాయనా, అక్కడ మోకరించి ఏమడిగావు?"

మావయ్య నోరు తెరిచాడు. అది అత్తయ్య చెప్పిన వాటిలో లేదు కదా. ఆడవాళ్ళ వైపు చూశాడు. అలవాటు, చొక్కా కనపడకపోయినా అలాగే చూసేవాడు.

అత్తయ్య లేచింది. "ఆయన్నడిగితే ఏం చెప్తారమ్మా, లోపలికెళ్ళింది నేను. నేనేమీ అడగలేదు. పిలిచాను" అని, పిల్ల పేరు చెప్పింది. అంత మందిలో, గట్టిగా.

పాస్టరుగారు గాభరాపడి పాట ఎత్తుకున్నారు. ఒక్కరూ అందుకోలేదు. నర్సమ్మగారు బెంచీ పట్టుకుని మెల్లగా లేచి ఏదో మగపిల్లాడి పేరు చెప్పింది. వెనకనించి ఇంకొకావిడ లేచింది. ఆ మూలనించి ఇంకొకరు. ఏడుపులు లేవు, ఉత్త పేర్లే. మావయ్య అక్కడే నిలబడిపోయాడు, దిగి ఎటు వెళ్ళాలో తెలీనట్టు. ఇంతలో మా అమ్మ లేచింది. అన్నగారి ముందు ఏనాడూ గొంతెత్తని మనిషి. లేచి, ఒక ఆడపిల్ల పేరు చెప్పింది.

అప్పటిదాకా నాకు తెలీదే, నాకో అక్క ఉండేదని.

...

ఏం లేదు. ఆ లైటు వెయ్యి, చీకటి పడింది.