ఖాజా భాయ్ అప్పజెప్పిపోయిన పిట్టలు

“పెద్దబాపూ, నా ఫించు పిట్టలల్ల ఒకటి ముద్దలెక్క ముడుసుకొని కూసుంటున్నది. రెట్ట నీళ్లలెక్క ఏస్తున్నది. ఖాజా మామ పిట్టలకు గిట్లనే అయితే మీరేం చేసిండ్రు?”

గదేనా నువ్వడిగేది? ఫోన్ల రికార్డు పెట్టినవా, పెట్టు. కానీ బిడ్డా, మందు పేరు, మందు కొలత నన్నడగకు. గది పిట్టను తూకమేసి డాక్టరమ్మ చెప్పాలె. నేను చెప్పేది మీ పెద్దమ్మ ముచ్చట. మందు డాక్టరమ్మదే, కాదంటలేను, కానీ ఆ పిట్టలు నిలవడ్డది మీ పెద్దమ్మ మొండితనానికి. లోపల బీడీలు చేస్తున్నది, ఇనవడితే ఊకోదు. జర మెల్లగ చెప్త.

ఖాజా భాయ్ నీకెరుకే గదా, మాది గోడకు గోడ. నేను బట్ట నేసే సాంచాలు నడిపేటోన్ని, ఆయన టైలరు. నేను నేసిన బట్ట ఆయన కుట్టకపాయె, ఆయన కుట్టిన అంగీ నేను తొడుగుడు మాత్రం తప్పలే. నా లగ్గం అంగీ సుత ఆయనే కుట్టిండు, కుట్టుకూలి ఎంతనుకున్నవ్, నాలుగు రూపాలు. గిప్పుడు నాలుగు రూపాలకు గుండీ రాదు. ఆఁ, ఏం చెప్తున్న? పిట్టలు.

మొన్న ఆయనా, ఆయన భార్య రహ్మత్‌బీ హజ్‌కు పోయిండ్రు. పోయే ముందట పంజ్రం తెచ్చి మా అర్రల పెట్టిండు. నాలుగు పిట్టలు, అండ్లొకటి తెల్లది. జీబ్రా ఫించులంటరు, పుంజుకు గొంతుకాడ సన్న గీతలుంటయి, ముక్కు గాజర్‌గడ్డ రంగు. బోయినపల్లిల ఉన్న తన బిడ్డ ఇంట్ల పెడుదమంటే ఆడ పిల్లి ఉన్నదట. “నర్సన్నా, ఇవి అమానత్” అన్నడు. అమానత్ అంటే నమ్మి అప్పజెప్పిన సొమ్ము బిడ్డా, ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగి చేతుల పెట్టాలె. అండ్ల ఒక ముసలి పెట్ట ఉండె, దాని పేరు మున్ని. రహ్మత్‌బీకి పానం దానిమీదనే. పిలిస్తే కువకువమని జవాబిచ్చేది.

మీ పెద్దమ్మ ఏం చేసిందో ఎరుకనా? ఆ దినమే బీడీల చాట ఎత్తుకొని వెనుక అర్రలకు పోయింది. తంబాకు దుమ్ము పిట్టలకు తాకొద్దని. ఆ అర్రల గాలి రాదు, ఫ్యానుంటే ఆకు లేస్తది. అయినా గాడనే కూసున్నది. నేను వద్దన్ననా, అనలే. నన్ను ఆమె అడుగలే సుత.

మంచిగనే ఉన్నయి. మిర్గం వానలు వడ్డయి, ఇల్లంత చెమ్మచెమ్మ. గప్పుడు మున్ని ఈకలు ఉబ్బించుకొని గింజల గిన్నెకాడనే కూసునుడు మొదలువెట్టింది. పొద్దుగూకులు తింటనే ఉన్నది. తింటున్నది గదా, సల్లగాలికి ముడుసుకున్నదిలే అనుకున్నం. ఊహూఁ. మీ పెద్దమ్మ చేతులకు తీసుకొని చూస్తే రొమ్ము బొక్క కత్తిలెక్క తేలింది. గింజ పొట్టు ఒలుసుడే గానీ అది ఒంటికి పట్టుతలేదు. తెల్లారి ఆమె చేతులల్లనే పాయె బిడ్డా.

గదే దినం ఇంకొకటి సుత ముడుసుకున్నది. మా బామ్మర్ది, అదే మీ పెద్దమ్మ తమ్ముడు, పెగడపల్లి నుంచి అచ్చి ఉండె. కోళ్లు సాదేటోడు, నాటుకోళ్లల్ల పెద్ద పేరు. చూసి, కడుపుల పురుగులే బావ, గింత తంబాకు నానవెట్టి ఆ నీళ్లు తాపు, మా కోళ్లకు అట్లనే చేస్తుంటిమి, ఇంట్లనే తంబాకు పెట్టుకొని దవాఖాన ఎందుకన్నడు. ఇంకొకటి సుత అన్నడు, సచ్చినదాని తీరుదే జగిత్యాల బజార్ల ఒకటి పట్టుకొచ్చి పెట్టు, అన్ని ఒక్కతీరే ఉంటయి, హాజీ సాబ్‌కు ఏం తెలుస్తది అని. నాకు సుత, ఏం చెప్పాలె, ఆ మాట జర తియ్యగనే ఇనవడ్డది.

మీ పెద్దమ్మ చేతుల బీడీ అట్లనే ఆగింది. “గా తంబాకు దుమ్ముల పుట్టినట్టే బతికిన్రా తమ్మీ. నాకే కడుపుల తిప్పుతది. ఆ పిట్టెంత, దాని పేగెంత? పోగంత ఉంటది. నువ్వు గిన్నెల చెయ్యి పెట్టినవంటే నీ చెయ్యి నీకు లేదు” అన్నది. ఆడు నవ్విండు గానీ చెయ్యి మాత్రం పెట్టలే. ఇగ వేరే పిట్టను కొనే ముచ్చటకైతే ఆమె చాట పక్కకు పెట్టి లేచింది. కోరాబట్ట తుకడ ఒకటి చింపి మున్నిని చుట్టి, రహ్మత్‌బీ గోడకాడి మైదాకు, గదే గోరింటాకు చెట్టు కింద బొందవెట్టి అచ్చింది. అయిపాయె, ఇగ దాని మీద ఎవలు మాట్లాడుతరు.

ఈడ పశువుల దవాఖానల సారు బర్లను గొర్లను చూస్తడు. ఆయన మంచోడు, పిట్టల సంగతి కోరుట్లల ఒక మేడమ్‌కు మంచిగ తెలుసని చెప్పి ఫోన్ సుత చేసి పెట్టిండు. పంజ్రం మీద నా పాత ధోతి కప్పి కోరుట్ల బస్సు ఎక్కినం. ఆడోళ్లకు బస్సుల టికెట్టు లేదు గదా, మీ పెద్దమ్మ ఆధార్ చూపిచ్చింది. కండక్టరమ్మ ధోతి ఎత్తి చూసి, ఇండ్ల ఆడియెన్ని, మొగయెన్ని అన్నది. ఎందుకమ్మా అంటే, పెట్టకు ఫ్రీ, పుంజుకు టికెట్టు కొట్టాలె అన్నది. బస్సు బస్సంత నవ్విండ్రు. మీ పెద్దమ్మ నవ్వలే. పంజ్రం ఒళ్లె పెట్టుకొని గుంతలొచ్చినప్పుడల్ల పైకి లేపి పట్టుకుంటుండె.

డాక్టరమ్మ నీ ఈడుదే ఉంటది. మేము ఎండిన రెట్ట కాయిదంల కట్టుకపోయినం. ఇది పనికిరాదు, తాజాది కావాలె అన్నది. అనుడే ఆలస్యం, పిట్ట ఆమె బల్ల మీదనే ఏసింది. నేను సిగ్గువడ్డ, ఆమె మాత్రం సంబురవడ్డది. అద్దం ముక్క మీద పెట్టి దుర్బీను అసొంటి మిషిన్ల చూసి, మమ్ములను సుత చూడుమన్నది. గుండ్రగ, సన్నసన్నగ గుడ్లలెక్క ఉన్నయి. నులిపురుగులు కావట, ఇంకా చిన్నయి, కాక్సీడియా అంటరట. పేగుగోడలల్ల ఇల్లు కట్టుకుంటయి. రెట్టల వడుతయి, నేల చెమ్మగ ఉంటే బలం పుంజుకుంటయి, ఆ రెట్ట తాకిన గింజ తింటే ఇంకో పిట్టకు. బంగారం తూచే కాంటా అసొంటిది తీసి పిట్టను తూచి, లెక్క చేసి, నీళ్లల్ల కలిపే మందిచ్చింది.

మందిచ్చుడు అల్కటి పనే, తాపుడు కష్టం. మందు నీళ్లు తప్ప వేరే తడి తగలొద్దన్నది. కొత్తిమీర, దోసకాయ ముక్క అన్ని బంద్. ఎందుకంటే అండ్ల నీళ్లుంటయి, అవి తిని మందు నీళ్లు ముట్టయి. పిట్టలు ఒకటే ఒర్రుడు. నేను గింత కొత్తిమీర పెడుదమంటే మీ పెద్దమ్మ నన్ను అర్రలకెళ్లి ఎల్లగొట్టింది. దినాం మందు నీళ్లు కొత్తగ కలుపుడు, కింద కోరాబట్ట మార్చుడు, రెట్ట రంగు చూసుడు, పిట్టలు కూసునే కట్టెలు ఏడినీళ్లల్ల కడిగి ఎండవెట్టుడు. పంజ్రానికి ఒక దిక్కు బల్బు పెట్టింది, ఉడుకైతే పిట్ట ఇంకో దిక్కు జరుగాలెనని. నా నలభై ఏండ్ల సాంచాల పనిల గంత సోయి పెట్టి పని చేసినోన్ని నేను చూడలే. బట్ట మీద రెట్ట గట్టివడ్డనాడు నన్ను పిలిచి చూపిచ్చింది, పండుగ చీర చూపిచ్చినట్టు. కోర్సు అయినంక మళ్ల పరీక్షకు తీసుకపోతే డాక్టరమ్మ ఇగ మంచిగున్నయి అన్నది.

అయితే అసలు ముచ్చట వేరే ఉన్నది. మొదటిసారి పోయినప్పుడే డాక్టరమ్మ, నడుమ కొత్త పిట్టను ఏమన్న తెచ్చిండ్రా అని అడిగింది. తెచ్చిండు. హజ్‌కు పోయే ముందట ఖాజా భాయ్ రహ్మత్‌బీ సంబురం కోసమని జగిత్యాలల ఒక తెల్ల పుంజును కొని, అదే దినం అన్నిట్ల కలిపిండు. అది మంచిగనే ఎగురుతుండె. డాక్టరమ్మ దాని రెట్ట సుత చూసి, రోగం దీంతోనే అచ్చినట్టున్నది, కొన్ని పిట్టలు పైకి బాగనే ఉండి లోపల మోస్తయి, కొత్తది తెస్తే కొన్ని దినాలు వేరే పెట్టాలె అన్నది.

ఆ దినం తిరిగచ్చే బస్సుల నాకు పానం తేలికైంది. తప్పు మనది కాదు, గదే చెప్పుదమన్న. మీ పెద్దమ్మ కిటికీ దిక్కు చూసుకుంట, “గా మాట నీ నోట రావొద్దు. ప్రేమతోని తెచ్చిండు. హజ్ చేసి ఇంటికచ్చిన మనిషిని పెండ్లాం ముందట దోషిని చేస్తమా?” అన్నది. మరి మున్ని సంగతి అంటే, గది నేను చెప్త, నా చేతులల్ల పోయింది అన్నది.

చెప్పింది బిడ్డా. వాళ్లు ఆటో దిగుడుతోనే, సంచులింకా కింద పెట్టలే, పంజ్రం పట్టుకొని ఎదురు పోయింది. “ఆపా, మిగిలినయి ఇవి. నీ మున్నిని కాపాడలేకపోయిన” అన్నది. రహ్మత్‌బీ పంజ్రం అందుకున్నది. ఎక్కడ పెట్టినవ్ అని అడిగి, మైదాకు చెట్టు కింద అంటే తల ఊపింది. ఖాజా భాయ్ రోగం ఎట్ల అచ్చిందట చెల్లే అన్నడు. నా నాలుక దురదపెడుతున్నది, చెప్తె ఒడుస్తది. మీ పెద్దమ్మ, వానలు గదా అన్నా, చెమ్మ అన్నది. అని, ఊకె అన్నట్టు, ఇగ నుంచి కొత్త పిట్టను తెస్తే కొన్నొద్దులు వేరే పంజ్రంల పెట్టుమన్నది డాక్టరమ్మ, అన్నది.

ఆయన తెల్లదాని దిక్కు చూసిండు. చూసి, చూసి, రహ్మత్‌బీ దిక్కు తిరిగిండు. “నేను తెచ్చినదాంతోనే అచ్చింది. మున్ని నా తొందరకు పోయింది” అన్నడు. మీ పెద్దమ్మ కాదు అన్నా, ఎవలన్నరు అంటే, “చెల్లే, నువ్వు నా తప్పు దాసినవ్. నేను గిప్పుడే అల్లా ఇంటినుంచి అస్తున్న, నేనెట్ల దాస్తా?” అన్నడు.

రహ్మత్‌బీ కొంగుతోని కండ్లు తుడుసుకొని ముందుగాల మా ఇంట్లకే నడిచింది. సంచి ఇప్పి మక్క నుంచి తెచ్చిన జమ్‌జమ్ నీళ్లు మొదలు మీ పెద్దమ్మ గ్లాసులనే పోసింది. ఆమె గ్లాసు రెండు చేతులతోని పట్టుకొని... గప్పుడు ఏడ్చింది బిడ్డా, మున్ని పోయిననాడు సుత ఏడవంది.

ఇగ ఏమున్నది. నువ్వు కొత్తగ అచ్చి జగిత్యాలల అర్ర కిరాయికి తీసుకున్నవ్, పక్కన ఎవలున్నరో ఏమో. నీకు గసొంటి గోడ పక్కోళ్లు దొరకాలె, నూరేండ్లు వాళ్ల నడుమ సల్లగుండాలె నా తల్లి. నువ్వు సుత వాళ్లకు... అగో, చాట పక్కకు పెట్టిన సప్పుడైతున్నది, మీ పెద్దమ్మ లేస్తున్నట్టున్నది. బంద్ చెయ్యి, బంద్ చెయ్యి.