బతికున్నవాళ్లకి తాళం

హలో… ఆ, నేనే బావా. హాలు నుంచే… వెనకాల, నాటకం బట్టలు ఇస్త్రీ చేసే గదిలో ఉన్నా. ఆ బుస్సుమనే చప్పుడు అదే… లేదు, మొదలవడానికి ఇంకా గంటన్నర ఉంది. అక్క ఏం చేస్తోంది?

…మూడింటి నుంచీనా? తయారైపోయి కూర్చుందా…

వద్దు, కారు అప్పుడే పిలవకండి… ఏం లేదు. ముందు అక్కకివ్వండి, ఒక మాట చెప్పాలి… మాట్లాడలేదని నాకు తెలీదా బావా. ఫోను చెవి దగ్గర పెట్టండి, చాలు. గోటితో కొడుతుంది. మా ఇద్దరికీ అలవాటైపోయింది లెండి.

అక్కా… నేను. వినబడుతోందా? అవునంటే ఒకటి, కాదంటే రెండు. మామూలే—

ఒకటి. ఆ, వినబడింది.

తిన్నావా?… ఒకటి. మంచిది. మెడ దగ్గర ఆ గొట్టం నొప్పి తగ్గిందా?…

రెండు.

తగ్గుతుందిలే. ఆపరేషనయి ఏడు వారాలేగా. మూడు నెలలు పడుతుందని డాక్టరు ముందే అన్నాడు…

ఏంటి, ఊరికే టకటకా కొడుతున్నావు? నీళ్లు నములుతున్నాననా?… ఒకటి. కనిపెట్టేశావు. గొంతు పోయినా చెవి మాత్రం పాము చెవి.

కాదు, చెప్తాను. ఇప్పుడే రిహార్సల్ అయింది. బాగుంది అక్కా. నిజంగా బాగుంది. చిన్నప్పుడు నువ్వు పైకి చదువుతుంటే నేను దుప్పట్లో దూరేవాణ్ణే, ఆ అట్ట చిరిగిన లావు నవల… అందులో ఉన్న భయమంతా దిగింది. పెళ్లాం చచ్చిపోయాక ఇంట్లో ఎవరూ గొంతెత్తకూడదని ఆ యజమాని గంటల నాలుకలకి కూడా గుడ్డ చుట్టిస్తాడు చూడు… ఆ, పనివాళ్ల కాళ్లకి కూడా. తర్వాత వంటకి కుదిరిన మనిషికి గోడలోంచి పాట వినబడుతుంది. అది మొదటిసారి వినబడ్డప్పుడు బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ పెట్టె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఒక చొక్కా కాలింది.

…ఒకటి కాదు, రెండు కాదు, ఏదో కొట్టావు. నవ్వా అది? నవ్వే అనుకుంటా.

ఇందాక డైరెక్టరు అందరికీ చెప్పాడు, ఈ పాటల పద్ధతి మా మ్యూజిక్ డైరెక్టరుది కాదు, వాళ్లక్కది అని. నిజమేగా. ఆయన ఆ నవల తెచ్చి దీన్ని పాటల నాటకం చేద్దాం అన్నప్పుడు నేను తల పట్టుకున్నా. నోరెత్తకూడని ఇంట్లో పాటెవడు పాడతాడు అని. నువ్వు మీ వంటింట్లో బీన్స్ తరుగుతూ అన్నావు. బతికున్నవాళ్లకి తాళం పెట్టు, చచ్చినవాళ్లకి రాగం ఇవ్వు. తాళమంటే తలుపుకి వేసేదా అని డైరెక్టరు అడిగాడు. ఆ ఇంట్లో రెండూ ఒకటేలెండి అన్నావు…

అంతే. ఇంకేం కావాలి. అప్పట్నుంచీ పని దానంతటదే నడిచింది. బతికున్నవాళ్లకి ఒక్క స్వరం లేదు. చీపురు, కత్తి, గరిటె, మెట్ల మీద అడుగులు… ఆ లెక్కలోనే మాటలు. ఆ చచ్చిపోయినావిడ వచ్చినప్పుడు మాత్రం ఒక్క వయొలిన్. మొదటిసారి మూడే స్వరాలు. తర్వాత వచ్చినప్పుడల్లా ఒకటి ఎక్కువ. జనం తెలీకుండానే ఎదురుచూస్తారు, ఇంకోటి, ఇంకోటి అని. ఏడూ వచ్చేది చివరి సీనులోనే. ఆ యజమాని కూడా చచ్చాకే పాడతాడు. బతికున్నంతకాలం ఇంటిల్లిపాదినీ నోరు మూయించిన పెద్దమనిషికి, చచ్చాక గాని నోరు పెగల్లేదు.

…

ఆ. చివరి సీను.

ఆ సీను కోసమే ఫోను చేశా అక్కా.

…ఒకటి. తెలుసు. నీకు వినాలనుంది. ఎన్నిసార్లు వినిపిస్తానన్నా వద్దన్నావు. హాల్లోనే, పదిమందితో పాటు వింటానని పలక మీద రాసి చూపించావు. స్టేజీ మీద చచ్చిపోయినావిడగా కొత్తమ్మాయి నిలబడుతుంది, నోరు కదపదు. గొంతు మెట్ల కింద నుంచి, పైకప్పు నుంచి, అన్ని వైపుల నుంచీ వస్తుంది. అది ఆపరేషనుకి ముందు రికార్డు చేసిన నీ గొంతు. అలాగే అనుకున్నాం. అలాగే మాటిచ్చా.

…

రాదక్కా. నీ గొంతు రాదు.

…

ఉన్నావా?

…ఒకటి.

పోయింది. నువ్వు పాడింది పోయింది. నేనే పోగొట్టా.

…

అక్కా, విను. కొట్టొద్దు, కాసేపు విను. పదకొండు రోజుల కింద… ఆ అమ్మాయి చేత కూడా ఒకసారి పాడించి పెడదామన్నాడు డైరెక్టరు, పాటలో ఎక్కడ అడుగు వెయ్యాలో, ఎక్కడ ఆగాలో ఒంటికి పట్టడానికి. నీది పెట్టి వినిపించా. చెవులకి పెట్టుకుని వింటూ పాడింది. నాలుగోసారికి బాగా వచ్చింది. ఓకే అన్నాను. అని… నా చెయ్యి…

నీ ట్రాక్ తీసేసింది.

ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనేగా అది. ట్రాక్ పాడినవాళ్ల గొంతు పెద్ద గాయని వచ్చేదాకే. ఆవిడ వచ్చి పాడగానే తుడిచెయ్యడం. నువ్వు ఇరవయ్యారేళ్లు ట్రాక్ పాడావు. ఎన్ని వందల పాటల్లో నీ గొంతు తుడిచారో, అందులో సగం నా చేత్తోనే. నేను సున్నం లాంటిదాన్నిరా, పైన రంగు పడేదాకే అనేదానివి. అదే చెయ్యి. ఏం తుడుస్తున్నానో చూడలేదు. సాయంత్రం డిస్కులో చోటు చాలట్లేదని పాతవన్నీ ఖాళీ చేశా. రాత్రి భోజనం దగ్గర కూర్చున్నాక గుర్తొచ్చింది. ముద్ద నోట్లో అలాగే ఉండిపోయింది.

…

చూపించా. ఆ డిస్కు రెండు చోట్ల చూపించా. సౌండ్ అతను నాలుగు రోజులు కూర్చున్నాడు. ముక్క కూడా రాలేదు.

లేదు… నకలు లేదు. తీద్దాం తీద్దాం అనుకుంటూనే… చేతులు కాలాక ఇప్పుడు ఏ ఆకు పట్టుకోను?

అందరి ఫోన్లూ వెతికించా. పిల్లలతో, బావ ఫోన్లో… నీ మాటలున్నాయి. చెయ్యి కడుక్కోరా, గేటు వెయ్యండి, ఉప్పు సరిపోయిందా. పాట ఒక్కటి లేదు. ఎప్పుడు పాడమన్నా గొంతు డ్యూటీ దిగిపోయింది అనేదానివి. ఎంతమందికో ఇచ్చావు, మాకు ఎప్పుడూ పాడలేదు. ఈ రికార్డింగుకి, మీ ఇంట్లో, ఆ ఒక్క మధ్యాహ్నమే పాడావు. బావ ఫ్రిజ్ కూడా ఆపేశారు చప్పుడు వస్తుందని.

…

అక్కా.

ఏదో ఒకటి కొట్టు.

…

నువ్వు ఆపరేషనుకి ఒప్పుకోలేదు. నెల రోజులు ఒప్పుకోలేదు. ఉన్నన్నాళ్లు గొంతుతోనే ఉంటా, పోతే దాంతోనే పోతా అన్నావు. బావ ఏడ్చారు, నువ్వు కదల్లేదు. నేనొచ్చి… నీ గొంతు నా దగ్గర పెట్టి వెళ్లు అక్కా, ఎక్కడికీ పోదు, దానికి నాదీ పూచీ అన్నాను. ఆ మాట మీదే కాగితం మీద సంతకం పెట్టావు. నాకు తెలుసు. నీకు తెలుసు. అందుకే పదకొండు రోజులు నోరు రాలేదు. రోజూ ఫోను చేసి అంతా బాగుందక్కా అన్నా. ఇవాళ కూడా ఊరుకుందామనుకున్నా. నువ్వు ముందు వరసలో కూర్చుని ఆ సీనుకి చెవి ఒగ్గి… వేరే గొంతు వింటే… అక్కడ తెలియడం కంటే…

తిట్టక్కా. రాసైనా తిట్టు.

…హలో… అక్కా—

బావా. మీరా… ఊఁ. మీకు కూడా వినబడిందా. పక్కనే ఉన్నారా… ఏం చెప్పను బావా మీకు. ఏం చేస్తోంది?… ఏడుస్తోందా?… అవును, చప్పుడు రాదు. ఏడుపుకి కూడా రాదు. మీరు చూసి చెప్తే గాని నాకు తెలీదు.

ఏం రాస్తోంది?… చదవండి. ఉన్నది ఉన్నట్టు చదవండి, నా కోసం మార్చొద్దు…

'ఎప్పుడూ అంతేగా.'

అంతేనా? ఇంకేం లేదా?…

బావా, ఆ మాట తుడవమనండి. చెంప మీద కొట్టినా ఇంత… ఎప్పుడూ అంతే కాదు. ఇది వేరు. ఇది వేరని చెప్పండి.

…ఇంకేదో రాస్తోందా. చూడండి.

…ఏంటి?… నేనా?

సరిగ్గా చదవండి… 'నేను పాడినట్టు పాడి వినిపించు.'

ఫోను ఇవ్వండి అక్కకి.

అక్కా, నా గొంతు నీకు తెలుసుగా. కాకి పక్కన కూర్చోవాలన్నా దాని అనుమతి తీసుకోవాలి నేను… సరే. సరే, కొట్టకు. పాడతా. తలుపు వేసి వస్తా, ఉండు.

…అమ్మా, ఒక్క రెండు నిమిషాలు ఆ ఇస్త్రీ ఆపుతారా. బయట ఉండండి, పిలుస్తా…

ఆ. ఉన్నావా.

దీపం ఆర్పొద్దు… ఇంకా మెట్ల మీదే ఉన్నాను…

రెండు. కాదు. అవును, కాదు. తొందరపడ్డా. 'ఇంకా' ముందు నువ్వు కొంచెం ఆగావు. ఊపిరి కోసం ఆగి, దాన్ని ఊపిరిలా కాకుండా… చూడు—

దీపం ఆర్పొద్దు…

…ఇంకా… మెట్ల మీదే ఉన్నాను…

రెండు.

చివరా? చివర ఎలా వదిలావు… కిందికి జార్చావు కదా?… రెండు. పైనే ఉంచావా?… రెండు. మరి ఎలా?… నువ్వు పాడి చూపించ… సారీ. సారీ అక్కా. నోటికొచ్చేసింది.

…వస్తున్నానండీ, చెప్పండి డైరెక్టరుకి, రెండు నిమిషాలు.

మళ్లీ పాడతా. విను.

దీపం ఆర్పొద్దు… ఇంకా… మెట్ల మీదే ఉన్నాను…

…

ఒకటి?

ఇదేనా?… ఒకటి.

…

అక్కా. ఇది నీది కాదు.

పాడుతుంటేనే తెలిసింది నాకు. ఆ జార్చడం ఆ అమ్మాయిది. పదకొండు రోజులుగా పొద్దునా సాయంత్రం అదే వింటున్నా. మెషీన్లోనే కాదు, నా చెవిలో కూడా నిన్ను తుడిచేసి అది కూర్చుంది. ఆగిన చోటు గుర్తుంది, ఫ్రిజ్ ఆపేయడం గుర్తుంది, నీ చెయ్యి బల్ల మీద పెట్టుకోవడం గుర్తుంది. పాట రావట్లేదు. నీది నాకు రావట్లేదు అక్కా…

ఒకటి. మళ్లీ ఒకటే కొడతావేంటి. ఇది నువ్వు పాడినట్టు కాదని నీకు తెలీదా?

…ఒకటి.

ఏది ఒకటి? తెలుసనా? పాట ఇదేననా?…

ఇదేనా?

…ఒకటి.

నా కోసం అబద్ధం కొట్టకక్కా.

…ఒకటి.

సరే. ఇదే. నువ్వు ఇదేనంటే ఇదే.

…ఆ, విన్నాను, వస్తున్నా. వయొలిన్ అతన్ని కూర్చోమనండి.

అక్కా, పిలుస్తున్నారు. మరి… కారు పిలవమననా బావని? వస్తావా?

…

రెండు.

సరే… సరే అక్కా. పెట్టేస్తున్నా.