ఎమిలీ రెండో పాట

సికింద్రాబాద్, బన్సీలాల్‌పేట్. 2007 ఏప్రిల్, ఒక శనివారం మధ్యాహ్నం. వంటింట్లో పాప్ సింగర్ ఎమిలీ, ఆమె తల్లి రోసమ్మ టీచర్.

"ఆ కుక్కర్ బంద్ చెయ్యమ్మా. నేనడిగింది చెప్పు ముందు."

"ఇంకో విజిల్ రావాలి. నువ్వెళ్లి ఆ చెప్పులు విప్పి రా. ఇల్లంతా మట్టి చేస్తున్నావ్."

"లీలాకుమారి ఆంటీతోని ఏం చెప్పినవ్?"

"లీలాకుమారితో వారం వారం మాట్లాడతాను. మా చర్చి స్త్రీల సమాజం సెక్రటరీ ఆవిడ. ఏదని చెప్పను?"

"నా పాట గురించి."

"నీ పాట గురించి ఊరంతా మాట్లాడుతోంది. నేనొక్కదాన్నే మాట్లాడకూడదా?"

"ఊరంతా మాట్లాడితే పాట ఎందుకు పడిపోతదమ్మా? పోయినేడు నా మొదటి పాట, రైలు పాట, ఎట్లుండె? ఆటోలల్ల అదే, బరాతులల్ల అదే, అందరి ఫోన్లల్ల అదే. రేడియోల నెలల కొద్ది ఫస్ట్ ప్లేసు. ఈ కొత్త పాట తొమ్మిదో నంబరుకాడ షురూ అయింది, పోయిన వారం పందొమ్మిది. ఇయ్యాల లిస్టులనే లేదు."

"పరీక్షల రోజులు కదే. పిల్లలు రేడియో ఎక్కడ వింటున్నారు?"

"రైలు పాట వచ్చింది సుత పరీక్షలప్పుడే."

"క్రికెట్ కూడా ఉందిగా మరి."

"మనోళ్లు ఓడిపోయి ఎప్పుడో ఇంటికొచ్చిండ్రు."

"సినిమా పాటలు కూడా బాగా వచ్చాయి ఈసారి. వాటి ముందు మామూలు పాట నిలబడాలంటే..."

"అమ్మా, ఆర్థర్‌ని కలిసి వస్తున్న."

"ఏ ఆర్థర్?"

"మనకు ఎంతమంది ఆర్థర్లున్నరు? లీలాకుమారి ఆంటీ కొడుకు. రేడియోల ఆ టాప్ ట్వంటీ ప్రోగ్రాం వానిదే గదా. రెజిమెంటల్ బజార్ కాడ చాయ్ తాగుకుంట అడిగిన, నా పాటకు వోట్లు ఎందుకు వస్తలేవు అని. చెప్పనీకి జెర మొహమాటపడ్డడు. ఫోన్ చేసేటోళ్లు ఎవ్వరు పాట పెట్టమంటలేరట. ఆ పాట పాడింది ఎవరు అని అడుగుతున్నరట."

"ఉండు, కూర మాడుతోంది."

"పొయ్యి మీద కుక్కరొక్కటే ఉందమ్మా."

"సరే, చెప్పు."

"ఎమిలీ గొంతు పోయింది, కొత్త పాట వేరే పిల్లతోని పాడిచ్చి ఎమిలీ పేరు ఏసుకున్నరు. ఇదీ ముచ్చట. ఏడ విన్నవ్‌రా అంటే మా మమ్మీ చెప్పిందన్నడు. ఆంటీకి ఎవరు చెప్పిండ్రు అంటే, మీ అమ్మనే అక్కా, ప్రార్థన కూటంల, అన్నడు."

"ప్రార్థన మనవి చెప్పాను. అందులో తప్పేముంది? ఎవరి ఇంటి బాధ వాళ్లు చెప్పుకుంటారు. ప్రేమమణి కొడుకు ఉద్యోగం గురించి చెప్పింది. నేను నీ గురించి చెప్పాను. అందరం మోకాళ్లూని ప్రార్థన చేసుకున్నాం."

"మోకాళ్ల మీదికెల్లి లేచి సక్కగ ఫోను కాడికి పోతరు. నీకు తెల్వదా? లూకా చిన్నాయన తాగుడు సంగతి సికింద్రాబాద్ మొత్తం ఎట్ల తెలిసింది? పేపర్ల వచ్చిందా? చిన్నమ్మ కూటంల ఏడ్చుకుంట ప్రార్థన మనవి చెప్తేనే గదా తెలిసింది."

"అదంతా ఇప్పుడెందుకు?"

"నీకెవరు చెప్పిండ్రు?"

"ఏం చెప్పారని?"

"వేరే పిల్ల పాడిందని."

"ఏదో ఒకటిలే. వదిలెయ్యి."

"వదిలేస్తే ఎట్ల? స్టూడియోకెల్లి ఎవరన్న ఫోన్ చేసిండ్రా?"

"నాకు స్టూడియో వాళ్లు ఎందుకు ఫోన్ చేస్తారే?"

"కంపెనీ ఆఫీసుల ఎవరన్న? పేరు చెప్పమ్మా."

"నన్ను అలా పోలీసులా అడక్కు."

"దేవానందం సార్ నాలుగింటికి ఈడికే వస్తుండు. క్యాసెట్ కంపెనీ ఓనరు మనింటికి ఎన్నడన్న వచ్చిండా? రైలు పాట అంత ఆడినప్పుడు సుత రాలే. ఇయ్యాల వస్తుండు. ఈ మాట ఏడ పుట్టిందో తేల్చకపోతే అగ్రిమెంటు క్యాన్సిల్ అంటుండు. ఇంక మూడో పాట లేదు, ఏం లేదు. వరంగల్ షో పోయింది. పొద్దున విజయవాడోళ్లు సుత వద్దన్నరు."

"పోనీ."

"ఏందీ?"

"షోలు పోతే పోనీ అన్నాను."

"మళ్ల అను."

"ఎన్నిసార్లైనా అంటాను. డాక్టరమ్మ ఏమందో మర్చిపోయావా? నేను పక్కనే కూర్చున్నాను. గొంతులో కాయలు కట్టాయి, ఆర్నెల్లు పాట ఊసెత్తొద్దు, మొండికేస్తే ఉన్న గొంతు కూడా పోతుంది అంది. నువ్వేమన్నావ్? ఎండాకాలం షోలయ్యాక చూద్దాం మేడమ్ అన్నావ్. అక్కణ్నుంచి ఇంటికొచ్చి వారం తిరక్కుండా స్టూడియోకి పోయావ్."

"పోకపోతే ఇంకో పిల్లను తెచ్చుకుంటరమ్మా. వాళ్లకు ఎవరైతే ఏంది?"

"తెచ్చుకోనీ. కొత్త పాట రేడియోలో మొదటిసారి వేసిన రోజు ఇదిగో, ఇక్కడే నిలబడి విన్నాను. ఆ పూట నాకు అన్నం ముద్ద దిగలేదు."

"బాగ లేకుండెనా?"

"బాగుండబట్టే దిగలేదు. అంత పైకి ఎలా వెళ్లావే? ఒక్క చోట జీర లేదు. చిన్నప్పుడు సండే స్కూల్లో పాడేదానివి చూడు, అచ్చం ఆ గొంతే. వింటుంటే ఒళ్లు పులకరించింది, వెంటనే భయమేసింది. డాక్టర్ వద్దన్న గొంతుతో ఇంత పాడిందంటే లోపల ఎంత చించుకుందో నా బిడ్డ అనుకున్నాను. ఏంటి, అలా చూస్తున్నావ్?"

"ఏం లేదు. చెప్పు."

"ఇది కూడా రైలు పాటలాగే ఎక్కిందనుకో, ఊరూరా తిప్పుతారు. ఎండల్లో, దుమ్ములో, రాత్రిళ్లు. దసరా నాటికి నువ్వు పాడటం కాదు, మాట్లాడటానికి కూడా గొంతుండదు. నీకు చెప్తే వినవు. మీ నాన్న ఉన్నా నీకే వత్తాసు పలికేవాడు. అందుకని..."

"అందుకని?"

"పాట ఎక్కకూడదనుకున్నాను."

"నా పాట పడిపోవాలని ప్రార్థన చేసినవా?"

"చేశాను. దేవుడు ఆలస్యం చేస్తాడేమోనని లీలాకుమారికి కూడా చెప్పాను."

"ఏమని చెప్పినవ్?"

"నువ్వు విన్నదే."

"నీ నోటితోని చెప్పు."

"మా ఎమిలీ గొంతు పోయింది, కొత్త పాట వేరే పిల్ల పాడింది, ఈ మోసంలోంచి నా బిడ్డ బయటపడేలా ప్రార్థించండి అన్నాను. ఇది బయటికి పోనివ్వకండి అని కూడా అన్నాను."

"బయటికి పోనియ్యకున్రి అంటెనే గదా తొందరగ పోతది."

"తెలుసు."

"కంచెనే చేను మేసినట్టుంది."

"తిట్టు. ఇంకా తిట్టు. తల్లివేనా అను, పడతాను."

"తిడ్తలేనమ్మా. నేను అడిగేది ఒక్కటే. నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలేదు. వచ్చినప్పట్నుంచీ అదే మాట అడుగుతావేంటి? నేనే అల్లాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు అబద్ధమాడకూడదని చెప్పినదాన్ని, మోకాళ్ల మీద ఉండి అబద్ధమాడాను. చాలా?"

"ఎవ్వరు చెప్పలే?"

"లేదు."

"అట్లనే నోటికొచ్చిందా?"

"నోటికి రాలేదు, ఆలోచించాను. జబ్బు చేసిందంటే జాలిపడి ఇంకా నాలుగు షోలకు పిలుస్తారు. అరువు గొంతంటే మాత్రం గుమ్మం తొక్కనివ్వరు. వాళ్లు దేనికి భయపడతారో అదే చెప్పాను... ఎందుకు నవ్వుతున్నావ్?"

"నవ్వుతలేను."

"ఎమిలీ, ఇటు చూడు. ఏడుస్తున్నావా?"

"లేదు. సార్ వచ్చే టైమయింది. నువ్వు లోపలికి పో. నేనే మాట్లాడుకుంటా."

"నువ్వేం మాట్లాడతావ్? తప్పు నాది. చూడు తల్లీ, షోలు ఆగాలనుకున్నాను, ఆగాయి. నాకంతే కావాలి. నీ పేరు చెడగొట్టాలని కాదు. నీకు దొంగ అని పేరొస్తుందని ఆ క్షణం నాకు తోచలేదు. నేను చెడగొట్టింది నేనే బాగుచేస్తాను."

"ఏం చేస్తవ్?"

"రేపు ఆరాధనలో సాక్ష్యానికి నిలబడతాను."

"సాక్ష్యమా?"

"పాస్టర్ అయ్యగారు సాక్ష్యాలెవరైనా చెప్తారా అంటారుగా, అప్పుడు లేస్తాను. సంఘమంతా ఉంటుంది. ఆ పాట నా కూతురే పాడింది, కూతురి మీద నేనే అబద్ధం పుట్టించాను, క్షమించండి అంటాను. ఆ మాట పాకినట్టే ఈ మాటా పాకుతుంది. ఆర్థర్ రేడియోలో కూడా చెప్తాడు."

"వద్దు."

"నా పరువు పోతుందనా? పోతే పోయింది. సమాజంలోంచి తీసేస్తే తీసేస్తారు."

"నీ పరువు గురించి గాదు."

"మరి దేని గురించి?"

"వద్దన్న గదా. నువ్వు చెప్పినదే ఉండనియ్యి."

"ఉండనివ్వడమేంటి? జనం నిన్ను దొంగ అనుకుంటుంటే నేను నోరు మూసుకుని కూర్చోవాలా? అదిగో, బెల్. దేవానందం గారే అయ్యుంటారు. ముందు ఆయనకే చెప్తాను."

"తలుపు తియ్యకమ్మా."

"చెయ్యి వదులు."

"జెర ఆగు. నా మాట ఇను."

"చాలు విన్నది. నెల రోజుల్నుంచీ ఆ అబద్ధం నా గొంతులో ముల్లులా ఉంది. బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్తాను ఆయనకి, నా కూతురే పాడిందని. ఒక్క నిజం చెప్పనీ నన్ను."

"అది నిజం గాదమ్మా. రికార్డింగ్ నాడు నా గొంతు లేవనే లేదు. ఆ పాట సుమిత్ర అని ఇంకో పిల్ల పాడింది. నువ్వు మోకాళ్ల మీద చెప్పిందే నిజం."