ఎర్ర పిడి

కాదండీ, నన్ను ఒక్క మాట అడగకుండా నేను మాట్లాడతానని మీకు విమానం నేర్పిన గురువుగారు ఎలా ఒప్పేసుకున్నారు? ఆదివారం ఫ్లయింగ్ క్లబ్బులో సభట. సొంత విమానం ఉన్నవాళ్లందరూ దానికి పారాచూట్, అదే, విమానం మొత్తాన్నీ గొడుగులా పట్టి కిందికి దించేది, పెట్టించుకోవాలా, అక్కర్లేదా అని చర్చట. పెట్టాలనేవాళ్లు ఒక వైపు, వద్దనేవాళ్లు ఒక వైపు, మధ్యలో నేను. ప్రత్యక్ష సాక్షినట! మైకు పట్టుకుని "ఆ గొడుగే మా ఇద్దరి ప్రాణాలూ కాపాడింది" అంటే చాలట, తక్కినదంతా ఆయన చూసుకుంటారట.

కనుబొమలు అలా ఎగరెయ్యకండి. డాక్టరు మీ దవడకు తీగలు కట్టాడు గాని వాటికి కట్టలేదు. పెళ్లయినప్పటి నుంచి మీరు నాతో వాదించేది వాటితోనే గదా, కొత్తగా పోయిందేముంది?

ఇదిగో, ముందు ఈ పాలు తాగండి. స్ట్రా కుడి పక్కకి పెట్టమంది నర్సు. నెమ్మదిగా. కారితే తుడుస్తాను లెండి.

నిన్న మీ క్లబ్బువాళ్లు గది బయట నిలబడి ఏం మాట్లాడుకున్నారో తెలుసా? నేను అక్కడే కుర్చీలో ఉన్నాను, ఎవరూ చూడలేదు. "బంగారం లాంటి విమానం" అంటాడొకాయన. "తోక కూడా పోయిందా?" అంటూ ఇంకొకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అరగంట సేపు దాని రెక్కల గురించీ, చక్రాల గురించీ పరామర్శించుకుని, మెట్లు దిగబోతూ మీ దవడ సంగతి అడిగారు.

మీ తమ్ముడు నయం, ఉన్నమాట నా మొహాన్నే అన్నాడు. "వదినా, కాస్త ఓపిక పట్టి ఉంటే అన్నయ్య ఎలాగోలా దించేసేవాడు" అన్నాడు. ఓపికట! ఇంజిన్ చప్పుడు ఆగిపోయి, చెవుల్లో గాలి ఒక్కటే ఈల వేస్తుంటే, ఎక్కడ పట్టమంటాడు ఓపిక? ఒకసారి వచ్చి నా సీట్లో కూర్చుని పట్టి చూపించమనండి.

అసలా గొడుగు కావాలన్నది ఎవరు? నేనే. కాదనను. అదే కదా నా బాధ!

పాత విమానానికి పారాచూట్ లేదు. ఆ రోజుల్లో మీరెలా ఉండేవారో గుర్తుందా? తెల్లారగానే డాబా ఎక్కి ఆకాశం చూసేవారు. ఏ మూలో ఒక మబ్బు తునక కనిపిస్తే చాలు, "ఇవాళ వద్దులే" అంటూ దిగొచ్చి పేపరు పట్టుకునేవారు. బాగున్న రోజైనా ఊరికే ఎక్కేవారా? రెక్కలు తడిమి, ఆయిల్ చూసి, చక్రాలు నొక్కి, మళ్లీ వెనక్కి వెళ్లి రెక్కలు తడిమి... నాకు జ్వరమొచ్చినప్పుడైనా అంత శ్రద్ధగా తడిమి చూశారా?

నాకప్పుడది పిరికితనంలా కనిపించింది. భయపడేవాడి పక్కన కూర్చుని ఆకాశంలోకి వెళ్లడం ఏమిటనుకున్నాను. ఆ భయమే మనల్ని అన్నాళ్లూ క్షేమంగా ఇంటికి తెస్తోందని తట్టలేదు. పారాచూట్ ఉన్నది కొంటే తప్ప ఎక్కనని మొండికేశాను.

కొన్నారు. కొన్నాక ఏమైంది? డాబా మెట్ల మీద మీ చెప్పుల చప్పుడు వినబడ్డం మానేసింది. మబ్బు గురించి అడిగితే "పర్లేదోయ్, నెత్తిన గొడుగుంది" అనడం మొదలుపెట్టారు. గాలి ఎక్కువగా ఉందన్నా అదే మాట, పొద్దు వాలిపోతోందన్నా అదే మాట. ఏమండీ, గొడుగు కొన్నది వానలో పనికొస్తుందనా, వాన ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లడానికా?

మీ గురువుగారు లెక్కలు చదువుతారు. ఇన్నిసార్లు తెరుచుకుంది, ఇంతమంది బతికి బయటపడ్డారు అని. నిజమే కావచ్చు. కాదనడానికి నేనెవర్ని, బతికి మీ ఎదురుగా కూర్చున్నదాన్ని! కాని, అది లేకపోతే ఆ పూట ఇంట్లోనే పడుకుని ఉండాల్సినవాళ్లలో, అది ఉందన్న ధీమాతో బయల్దేరి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎంతమందో? వాళ్ల లెక్క ఆయన దగ్గర ఉందా? ఎవరి దగ్గరైనా ఎలా ఉంటుంది? మనసులో పుట్టిన ధీమాను ఏ కొలతతో కొలుస్తారు?

అదిగో, మళ్లీ ఆ వేలు. నన్ను పూర్తి చెయ్యనివ్వండి. ఒక్క పది రోజులు నేను మాట్లాడి మీరు వినే యోగం పట్టింది నాకు, దాన్ని కూడా చెడగొట్టకండి.

పోనీ, ఆ రోజు జరిగింది జరిగినట్టు సభలో చెప్పెయ్యనా?

పైకి వెళ్లాక మీకు పాఠం చెప్పే సరదా పుట్టింది. "ఇదిగో, నెత్తిమీద ఈ ఎర్ర పిడి చూశావా? నాకేమైనా అయితే రెండు చేతులా పట్టుకుని, నీ బరువంతా వేసి కిందికి లాగు. రాకెట్టు పేలి గొడుగును బయటికి లాక్కెళుతుంది. కాని మరీ కిందికి వచ్చేశాక లాగితే లాభం లేదు, విచ్చుకునే వ్యవధి ఉండదు. ఇంకో సంగతి, ఒకసారి లాగామంటే ఈ విమానం పని అయిపోయినట్టే, మళ్లీ ఎగరదు." ఎంత మురిపెంగా చెప్పారండీ! ఎదురుగా ఉన్న మీటర్ల వైపు ఒక్కసారి చూస్తే ఒట్టు.

ఆ మురిపెంలోనే గదా ట్యాంకు మార్చడం మరిచిపోయారు? ఎడమ రెక్కలో పెట్రోలు అయిపోయింది. కుడి రెక్కలో నిండుగా ఉంది. మధ్యలో ఉన్న మీట ఇటు నుంచి అటు తిప్పాలి, అంతే. అన్నేళ్లలో ఎన్నడూ మరిచిపోని మనిషి, ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో నాకు నేర్పుతూ నేర్పుతూ ప్రమాదాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టారు!

మొహం అటు తిప్పుకోకండి. ఎవరికీ చెప్పలేదు లెండి. ఇంజిన్ చెడిందనే అనుకుంటున్నారు అందరూ.

మీట అందక, భుజం బెల్టు వదులు చేసుకుని ముందుకు వంగారు. అందుకే నేలకు తగిలినప్పుడు నాకు నడుం పట్టేయడంతో సరిపోయింది, మీ దవడ మాత్రం వెళ్లి ఎదురుగా గుద్దుకుంది. "లాగకు, లాగకు, నేను చూసుకుంటాను" అని మీ అరుపు. నా రెండు చేతులూ అప్పటికే పిడి మీద ఉన్నాయి. లాగలేదు. మీ మీద నమ్మకమే అనుకోండి, నా చేతకానితనమే అనుకోండి. కింద దున్నిన పొలంలో చాళ్లు విడివిడిగా కనబడుతున్నాయి.

అప్పుడు ఇంజిన్ అందుకుంది.

అలా చూడకండి. గొడుగు విచ్చుకున్నాక నడుస్తున్న ఇంజిన్‌ను ఆపింది మీరే గదా, మీకు తెలీదా? నాకు తెలియదనుకున్నారు. ఆ గాభరాలో ఆడమనిషి, చప్పుడు వినిపించుకోక లాగేసిందనుకున్నారు. పెద్ద మనసు చేసుకుని నన్ను క్షమించేశారు కూడాను; నా చెయ్యి పట్టుకుని నిమిరినప్పుడే అర్థమైంది నాకు.

ఆ క్షమ నాకక్కర్లేదు. నేను విన్నాను. ఒకసారి దగ్గి, ఇంకోసారి దగ్గి, తర్వాత చక్కగా అందుకుంది. మీరు నా వైపు తిరిగారు. "చూశావా, ఏం కాలేదు" అనబోయే ముందు వస్తుందే మీ మొహంలో ఒక నవ్వు, అది వచ్చింది. ఆ నవ్వులో నాకు వచ్చే ఆదివారం కనిపించింది. ఆ పై ఆదివారం, మబ్బులు, గాలి, "పర్లేదోయ్" అన్నీ కనిపించాయి. ఒకసారి లాగితే మళ్లీ ఎగరదని మీరే గదా చెప్పారు?

అది మళ్లీ ఎగరకూడదనే లాగాను.

కాపాడిందనే చెబుతాను సభలో. అబద్ధమేం కాదు. దేన్నుంచి కాపాడిందని వాళ్లు అడక్కపోతే సరి.

ఏమిటి? ఏం కావాలి? దిండు కిందా... ఓహో, దాచుకున్నారా! కొత్త విమానాల బొమ్మల పుస్తకం. మీ తమ్ముడు తెచ్చి ఇచ్చాడు కదూ? వాడి పని చెబుతాను. మడత పెట్టిన పేజీ నాకు చూపించక్కర్లేదు, దీనికీ నెత్తిన గొడుగు ఉండే ఉంటుంది. ఇది కాదా? ఇంకా తిప్పమంటారా?

ఇదా? బొమ్మలో మరీ బుల్లిగా ఉందేం?

ఒక్కటే సీటు.

ఊఁ. అర్థమైంది లెండి. అంత గట్టిగా వేలు పెట్టి చూపించక్కర్లేదు.

దీనికి పారాచూట్ ఉన్నట్టు ఎక్కడా రాయలేదే. లేదా? తల ఊపండి, లేదనేగా? అయితే మళ్లీ పొద్దున్నే డాబా ఎక్కుతారన్నమాట.

సరే, మీ ఇష్టం. మబ్బు కనిపిస్తే మాత్రం దిగొచ్చెయ్యండి, పేపరు తీసి కుర్చీలో పెట్టి ఉంచుతాను. పాలు చల్లారిపోయాయి, తాగండి.