తుప్పుకే సిగ్గేసిన ఉక్కు

అత్తయ్య నోరు తెరిచిందంటే మేనల్లుడి వర్క్‌షాపులో ప్రెస్సు మిషను కూడా చెవి ఒగ్గుతుంది. ఆ రోజు మాత్రం మేనల్లుడికి వినే ఓపిక లేదు. ఇస్త్రీపెట్టె ఆవిరి వాల్వులో వేసే డిస్క్ స్ప్రింగులు సాయంత్రానికి కొట్టి ఇవ్వాలి. చూడ్డానికి సాసరులా గుంటపడ్డ చిన్న వాషర్లే. నొక్కితే చదునవ్వాలి, వదిలితే లేవాలి. పోయినసారివి లేవలేదు. ఈసారీ ఇరుక్కుంటే పని పక్క షాపుకి పోతుందని కబురొచ్చింది. అతని ఒక చేతిలో నల్ల ఉక్కు పట్టీ, ఇంకో చేతిలో తెల్ల స్టెయిన్‌లెస్ పట్టీ.

"నల్లదానికి బిగువెక్కువ అత్తయ్యా, తెల్లదేమో ఆవిరికి ఓర్చుకుంటుంది. ఏది వెయ్యను?"

"ఇంకా అడుగుతావేంరా! నల్లదే," అంది అత్తయ్య, ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద సర్దుకుంటూ. "ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో నేను పట్టీని నేలకేసి తట్టి, మోత విని రకం చెప్పేదాన్ని."

"అది నేనూ చెప్తాను," అన్నాడు షాపులో లేతు మిషను నడిపే టర్నరు, టీ గ్లాసు తుడుస్తూ.

"నువ్వు చెప్తావు, నాకైతే ఆ పట్టీయే నోరు విప్పి చెప్పేది! అలా ఏరిన నల్ల ఉక్కుతో ఒక్క స్ప్రింగు చేసి తలుపు గడియకి వేశానా, మేనేజరు తలుపేసుకోబోయి ఎదురింటి డాబా మీద తేలాడు. అక్కణ్ణించే సంతకాలు పెట్టేవాడు పాపం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ మోజులో షెడ్డు పునాది కిందా పేర్చేశాం. వీధిలో లారీ పోయిందంటే చాలు, షెడ్డు నిలువెత్తు లేచి కూర్చునేది. మేం గాల్లో ఉండగానే టీ తాగేసేవాళ్లం, దిగితే ఒలుకుతుందని!"

"షెడ్డు లేస్తే కరెంటు తీగలు తెగవా పెద్దమ్మగారూ?" అన్నాడు టర్నరు.

"తీగలక్కూడా స్ప్రింగులేశాం, మధ్యలో అడ్డురాకు. ఓసారి రెండు లారీలు ఎదురెదురు పడ్డాయి. షెడ్డు లేచింది లేచింది, మబ్బుల్లో దూరింది. మిషన్లూ మేమూ తడిసి ముద్ద!"

మేనల్లుడు తలెత్తాడు. "తడిస్తే ఆ స్ప్రింగులు తుప్పు పట్టలేదా అత్తయ్యా?"

"నేను ఏరిన ఉక్కుకి తుప్పా! తుప్పు వచ్చింది, చూసింది, సిగ్గుపడి పక్కింటి గేటుకి పట్టుకుంది. ఇదిగో, ఈ ఫ్లాస్కు మూతలోనూ నా చేత్తో వేసిన నల్ల ఉక్కే. గ్లాసులు పట్టండి."

గ్లాసులు చాచారు. అత్తయ్య మూత మీద మీట నొక్కింది. కదల్లేదు. రెండు బొటనవేళ్లతో నొక్కింది. పళ్లు బిగబట్టి మోకాళ్ల మధ్య ఇరికించి నొక్కింది. మీట లోపలికి పోయి అక్కడే కాపురం పెట్టింది, టీ చుక్క రాలేదు. మేనల్లుడు స్క్రూడ్రైవరుతో మూత విప్పితే, స్ప్రింగు ఎర్రగా పొలుసులూడుతూ గాడికి అతుక్కుపోయి ఉంది.

టర్నరు ఖాళీ గ్లాసులోకి తొంగి చూశాడు.

"షెడ్డు మబ్బుల్లోకి లేచింది, కాదన్ను పెద్దమ్మగారూ. టీ ఆవిరికే ఈ మీట లేవనంటోందేం?"

మేనల్లుడు నల్ల పట్టీ బల్ల కిందికి తోసేసి తెల్లది ప్రెస్సులోకి ఎక్కించాడు. "బిగువు చాలకపోతే ఒకదాంట్లో ఒకటి జత పేరుద్దాం. ఇక కొట్టండి."

అత్తయ్య మాత్రం తొణకలేదు.

"చూశావురా! నోటితో చెప్తే వినవని, నీకు చూపించడానికే దాన్ని ఏళ్ల తరబడి కష్టపడి తుప్పు పట్టించాను. ఆ గ్లాసు ఇటివ్వు, మూత తీసేశావుగా, పోస్తాను."